సమాధుల తోటలో మూడో పిలుపు

మా ఊరి సమాధుల తోటలో చనిపోయినవాళ్లను పేరు పెట్టి పిలుస్తారు. ఏటా నవంబరు రెండున, సమాధుల పండుగ సాయంత్రం, చర్చి అయ్యగారు నోటుబుక్కు తెరిచి ఒక్కో పేరే చదువుతారు. ఆ మనిషి ఇంటివాళ్లు "ఉన్నాం" అని బదులు చెప్పాలి. చెప్పాకే కొవ్వొత్తి వెలిగించాలి. మూడుసార్లు పిలిచినా ఎవరూ బదులు చెప్పకపోతే, ఆ పేరు మరుసటేడు పుస్తకంలో ఉండదు. మార్కాపురంలో నాతో పనిచేసే టీచర్లకు ఈ సంగతి చెబితే, "అదేం ఆచారమండీ, హాజరుపట్టీ లాగా!" అని నవ్వుతారు. నవ్వుకోనీ. అది నిజంగా హాజరుపట్టీయే.

మా ముత్తాతల కాలంలో పెద్ద యుద్ధానికి మా పల్లె నుంచి కొంతమంది సిపాయిలుగా పోయారట. కరువులో గంజికి లేని ఇళ్ల నుంచి పోయినవాళ్లే అందరూ. ఒక్కడు తిరిగొచ్చాడు. మిగతావాళ్లను ఎక్కడ పూడ్చారో, అసలు పూడ్చారో లేదో కూడా తెలియదు. సమాధే లేనివాడికి పండుగనాడు పూలెక్కడ పెట్టాలి? ఆ తిరిగొచ్చినాయన తోట మధ్యలో నిలబడి, పటాలంలో పొద్దున్నే పిలిచినట్టు, తన తోటివాళ్ల పేర్లు గట్టిగా పిలిచాడట. ఎవరి కొడుకు పేరుకు ఆ తల్లి "ఉన్నాం" అందట. అలా సిపాయిల కోసం మొదలైన పిలుపు తర్వాత అందరికీ వచ్చింది. ఇప్పుడు కూడా అయ్యగారు ముందు క్రీస్తు కోసం రాళ్ల దెబ్బలు తిని చనిపోయిన మొదటి హతసాక్షిని తలుచుకుని ప్రార్థన చేస్తారు, తర్వాత ఆ సిపాయిల పేర్లు, ఆ తర్వాత తోటలో పూడ్చిన వరసలో మిగతావాళ్ల పేర్లు. ఆ వరస ఎవరి కోసమూ మారదు. పదెకరాల ఆసామి అయినా, పింఛను ముసలమ్మ అయినా, ఎవరు ముందు పోతే వాళ్లే ముందు.

ఆ వరసను మార్చిన ఘనత నాది. అది చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

మా అమ్మ మార్కాపురం పలకల కార్ఖానాలో ముప్పై ఏళ్లు పలకలకు చెక్క చట్రాలు బిగించింది. పొద్దున్నే తర్లుపాడు రోడ్డెక్కి, ఆటోలో ఒంటికాలి మీద వేలాడుతూ పోయి, సాయంత్రానికి బూడిదరంగు మనిషై తిరిగొచ్చేది. ఆమె పక్క పీట మీద ఇంకొక ఆవిడ కూర్చునేది. అమ్మ కంటే పెద్దది. అమ్మ ఆమెను అక్క అనేది కాబట్టి మాకు పెద్దమ్మ. మొగుడు లేడు, పిల్లల్లేరు, ఎక్కడి నుంచి వచ్చిందో కూడా ఎవరికీ తెలియదు. అమ్మకు జ్వరమొస్తే అమ్మ వంతు చట్రాలు కూడా తనే బిగించేది. నా చదువు సగం ఆ చేతుల మీదే నడిచింది. ఆమె చనిపోతే చర్చి సంఘం వాళ్లే పూడ్చారు. గనిలో పనికిరాకుండా పడేసిన మందపాటి పలకరాయి ఒకటి తెచ్చి, దాని మీద మేకుతో పేరు గీకి, తలవైపు పాతారు.

ఆ ఏడు పండుగకు ఆమె పేరు పిలిచినప్పుడు బదులు లేదు. రెండోసారి పిలిచినా లేదు. మేమంతా నేల చూపులు చూస్తున్నాం. రక్తసంబంధం లేనివాళ్లం బదులు చెప్పొచ్చో లేదో మాకు తెలియదు. మూడో పిలుపుకు వెనక నుంచి "ఉన్నాం" అని ఒక మగగొంతు వినిపించింది. మా తమ్ముడు. అప్పుడు వాడికి ఇరవయ్యేళ్లు, గిద్దలూరులో సైన్యంవాళ్లు పెట్టిన పరుగు నెగ్గి పటాలం నుంచి కాగితం కోసం ఎదురుచూస్తున్నాడు.

"ఆమె నీకేమైతాదిరా?" అని ఒక పెద్దాయన అడిగాడు.

"మా అమ్మ పక్కన కూర్చుని పని చేసినాది. అది చాలదా ఏంది?" అన్నాడు వాడు.

పటాలంలో చేరాక కూడా మరిచిపోలేదు. పండుగ ముందురోజు ఎక్కడ ఉన్నా అమ్మకు ఫోన్ చేసేవాడు. బాగున్నారా అని కూడా అడగకుండా, "మా, రేపు పెద్దమ్మకు బదులు చెప్పు, మర్చిపోబాక" అనేవాడు. అమ్మ, "నీకు పెళ్లి గుర్తుండదు గాని ఇది మాత్రం గుర్తుంటాదిరా" అని తిట్టి, వెళ్లి చెప్పేది.

తర్వాత సరిహద్దు కొండల్లో కాల్పుల్లో వాడు చనిపోయాడు. జెండా కప్పిన పెట్టెలో వచ్చాడు. తుపాకులు పేల్చారు. కంభం, కొమరోలు దాకా జనం వచ్చారు. ఆ రోజు గురించి నేనేమీ రాయను. నాకు చేతకాదు. పెద్దమ్మ తర్వాత మా చిన్న సంఘంలో ఇంకెవరూ చనిపోలేదు కాబట్టి వాణ్ని ఆమె పలకరాయి పక్కనే పూడ్చారు. రెండేళ్లపాటు పండుగనాడు అమ్మ ముందు పెద్దమ్మకు బదులు చెప్పింది, వెంటనే కొడుక్కు చెప్పింది. రెండు కొవ్వొత్తులూ ఒకే అగ్గిపుల్లతో వెలిగించింది.

మూడో ఏడు ఊళ్లో కుర్రకారు, గిద్దలూరు వైపు రిటైరైన సిపాయిలు కలిసి తమ్ముడి సమాధి మీద నల్లరాతి స్తూపం కట్టించారు. పండుగనాడే దాన్ని తెరవడానికి ఒక నాయకుడు వస్తానన్నాడు. నాలుగింటికి వచ్చి నాలుగున్నరకు వెళ్లిపోవాలట. పుస్తకమంతా చదివేసరికి గంట పడుతుంది. పాత అయ్యగారు బదిలీ అయ్యారు, కొత్తాయనకు మా పద్ధతి తెలియదు. "టీచరమ్మా, మీరే ఏదైనా దారి చూడండి" అన్నారు.

నాకు జాబితాలంటే ప్రాణం. పైగా మా తమ్ముడి పేరు! పాత నోటుబుక్కు ముందు పెట్టుకుని, రాత్రి భోజనాలయ్యేలోపు కంప్యూటర్లో కొత్త జాబితా కొట్టేశాను. మొదట మా తమ్ముడు. తర్వాత పాత సిపాయిలు. తర్వాత ఇంటిపేర్ల వారీగా కుటుంబాలు. ఎవరూ లేక పక్కవాళ్లే బదులు చెప్పేవాళ్లు నలుగురైదుగురు మిగిలారు, వాళ్లందరికీ పేర్లు చదవకుండా చివర్లో కలిపి ఒక ప్రార్థన. చూసుకుంటే ఎంత ముచ్చటగా ఉందో! రెండు పేజీల్లో సరిపోయింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

"తమ్ముడి పేరే ముందు చదువుతారమ్మా" అని చెప్పాను.

అమ్మ వత్తులు సరిచేస్తూ, "పెద్దమ్మ పేరు?" అని అడిగింది.

"ఉంటుందిలే" అన్నాను.

అబద్ధం. పెద్ద అబద్ధమేమీ కాదని అప్పుడనుకున్నాను. సంవత్సరానికోసారి చెప్పే మాట, చివర్లో ప్రార్థనలో కలిసిపోతుంది, దేవుడికి తెలియదా అనుకున్నాను. ఎవరికైనా ఏదైనా చెప్పి ఒప్పించడం నా వృత్తి కదా, నన్ను నేను ఒప్పించుకోవడానికి ఎంతసేపు.

పండుగ రోజు పొద్దున వాన పడి వెలిసింది. చుట్టూ కంది చేలు పూతమీదున్నాయి. సమాధులన్నిటికీ కొత్త సున్నం, బంతిపూల దండలు. స్తూపానికి మూడు రంగుల రిబ్బను. రిటైరైన సిపాయిలు పాత మెడల్స్ పెట్టుకుని వరసగా నిలబడ్డారు. నాయకుడు నాలుగూపావుకు వచ్చాడు, రిబ్బను కత్తిరించాడు. అంతా గౌరవంగా జరిగింది. కాదని ఎందుకు చెప్పాలి? ఆ రాతి మీద వాడి పేరు చూస్తే నాకు గుండె నిండిపోయింది. తల్లికి కుర్చీ వేశారు, స్తూపం పక్కనే, నాయకుడి కుర్చీకి సమానంగా. అమ్మ కూర్చోలేదు. పెద్దమ్మ పలకరాయి దగ్గర, తడి నేల మీద, చీర సర్దుకుని కూర్చుంది.

హతసాక్షి ప్రార్థన అయింది. అయ్యగారు నా కాగితం తీసి మా తమ్ముడి పేరు పిలిచారు.

అమ్మ బదులు చెప్పలేదు.

వినలేదేమో అనుకున్నారు. రెండోసారి గట్టిగా పిలిచారు. జనమంతా అమ్మ వైపు తిరిగారు. అమ్మ తల ఎత్తలేదు, చేతిలో రెండు కొవ్వొత్తులు పట్టుకుని కూర్చుంది. నేను బదులు చెబుదామంటే పుట్టింటి పేరుకు పెళ్లయిపోయిన ఆడబిడ్డ చెప్పకూడదని మా దగ్గర పట్టింపు. నాయన ఎప్పుడో పోయాడు. వాడికి బదులు చెప్పగలిగింది ఈ లోకంలో అమ్మ ఒక్కతే. మూడో పిలుపు కూడా దాటిపోతే, దేశం కోసం ప్రాణమిచ్చినవాడి పేరు వాడి సొంత ఊరి పుస్తకంలో నుంచి పోతుంది. అదీ ఇంత జనం ముందు, వాడి స్తూపం తెరిచిన రోజున.

నేను వంగి, "అమ్మా, ఏమైంది నీకు? చెప్పు!" అని పళ్లు బిగించి అన్నాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, అప్పుడది ముక్కు దాటి బయటికొచ్చింది.

అమ్మ నన్ను చూడలేదు. మెల్లగా లేచి నిలబడింది.

"అయ్యగారూ, మూడోసారి పిలవబాకండి. నా కొడుకు వరస ఇంకా రాలా. వానికి ముందు మా అక్క ఉండాది. ఆమె పేరు పిలవండి."

అయ్యగారు కాగితం చూశారు. తిప్పి చూశారు. తర్వాత నన్ను చూశారు. నాయకుడు గడియారం చూసుకుని కుర్చీలోంచి సగం లేచాడు. సిపాయిల వరస చివర ఉన్న ముసలి హవల్దారు కదలకుండానే అన్నాడు.

"కూసోండి సార్. రోల్ కాల్ మధ్యలో ఎవురూ పోగూడదు."

ఆయన కూర్చున్నాడు. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్లో పడ్డట్టు నేను నిలబడి ఉన్నాను. పదేళ్లుగా పిల్లలకు తప్పు చేస్తే ఒప్పుకోమని చెబుతున్నదాన్ని. ఇప్పుడు ఒప్పుకోవలసింది నేను.

"అయ్యగారూ, ఆ పేరు అందులో లేదు. నేనే తీసేశాను" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆమె పూర్తి పేరు చెప్పాను. అది మర్చిపోలేదు, అంతవరకు నయం.

అయ్యగారు ఆ పేరు పిలిచారు. నేను అమ్మ కోసం చూశాను. అమ్మ ఒక కొవ్వొత్తి నా చేతిలో పెట్టింది.

"నువ్వు చెప్పు పాపా" అంది. "ఆడబిడ్డ చెప్పగూడదనేది ఇంటోళ్లకే. ఎవురూ లేనామెకు ఎవురైనా చెప్పొచ్చు. వాడు చెప్పలా?"

రెండోసారి పిలిచారు. రోజూ నలభైమంది పిల్లల ముందు గొంతు చించుకునేదాన్ని, ఒక్క మాట రాలేదు. ఆ చెక్క చట్రాల చప్పుడు గుర్తొచ్చింది. ఆ చేతులు బిగించిన పలకల మీదే నేను ఓనమాలు దిద్దానన్నది గుర్తొచ్చింది. సిగ్గేసింది, బాగా సిగ్గేసింది. మూడోసారి పిలిచారు.

"ఉన్నాం" అన్నాను.

అమ్మ అగ్గిపుల్ల గీసింది. నా కొవ్వొత్తి వెలిగింది. అయ్యగారు మళ్లీ తమ్ముడి పేరు పిలిచారు, వాడికి అది మూడో పిలుపు. చివరి అక్షరం పూర్తి కాకముందే అమ్మ "ఉన్నాం!" అంది. ఎంత గట్టిగా అందంటే చేలో కొంగలు లేచిపోయాయి. అదే పుల్లతో రెండో కొవ్వొత్తి వెలిగించింది. సిపాయిలు బూటుకాళ్లు దగ్గరికి తెచ్చి సెల్యూట్ చేశారు. ఆ తర్వాత ఒకతను చర్చి బీరువాలోంచి పాత నోటుబుక్కు పరుగున తెచ్చాడు, మిగతా పేర్లన్నీ పాత వరసలోనే చదివారు. నాయకుడు ఐదున్నర దాకా కదల్లేదు. మంచి మనిషే, వెళ్లేటప్పుడు అమ్మకు దండం పెట్టి వెళ్లాడు.

నా రెండు పేజీల జాబితాతో కొవ్వొత్తులకు గాలి తగలకుండా అడ్డం పెట్టారు. అంతకంటే మంచి పనికి అది రాలేదు.

ఇంటికి వచ్చేటప్పుడు అమ్మా నేనూ కంది చేల మధ్య గట్టు మీద నడుస్తున్నాం. ఇంకా కొంచెం వెలుతురుంది. తిట్లు పడతాయని సిద్ధపడ్డాను. ముందే తగ్గుదామని, "తప్పయిపోయిందిమా" అన్నాను.

"అయితే అయిందిలే" అంది. కొంతదూరం నడిచింది. తర్వాత ఆగింది.

"నువ్వు బదులు చెప్పినప్పుడు వెనక్కి తిరిగి చూసినా పాపా. వాడే వచ్చినాడనుకున్యా. అచ్చం వాని గొంతే."

అమ్మ చీర కొంగుతో ముఖం తుడుచుకుంది. కళ్లు మూసుకుంది.

"ఇంకోసారి అను" అంది.

అన్నాను.