మిడత కాలి పలుకు

మా జువాలజీ మాస్టారు కోసిన మిడత కాలిని కూడా పేరంటానికి పిలిచినంత మర్యాదగా పలకరించేవారు.

పాలకొల్లు చేల గట్ల మీద దొరికిన మిడతకు మత్తిచ్చి, కాలు వేరుచేసి, కండలోకి సన్నని ఎలక్ట్రోడ్ గుచ్చేవారు. "ఏమ్మా, ఉన్నావా?" అని అడిగి, గ్లుటమేట్ చుక్క వేసేవారు. కీటకాల్లో నరం నుంచి కండకు కబురు మోసే రసాయనం అదే. కండలో కరెంటు మారి, ఎలక్ట్రోడ్‌కు తగిలించిన తెర మీది ఆకుపచ్చ గీత ఎగిరిపడేది. ఒకసారి సీసా ఖాళీ అయితే నూడుల్స్ బండి నుంచి అజినోమోటో తెప్పించి నీళ్లలో కలిపారు. దానికీ పలికింది. "అదీ ఇదీ ఒకటేనర్రా" అన్నారు.

ఒకరోజు ఆయన పిలవలేదు, చుక్కా వేయలేదు. అయినా గీత మీద చిన్న చిన్న బుడిపెలు లేస్తున్నాయి. "పలుకుతోంది మాస్టారూ!" అన్నాం.

"నరం చివర మిగిలిన రసాయనం తనంతట తానే కారుతూ ఉంటుంది. పిలిస్తే పలికిందనుకుని మోసపోకండర్రా" అన్నారు, నవ్వకుండా.

కిందటేడు నేను చూడ్డానికి వెళ్లేసరికి రాజమండ్రి ఆసుపత్రిలో మాస్టారు స్పృహ లేకుండా పడి ఉన్నారు. ఊపిరి మిషనుదే. వాళ్లావిడ ఆయన చెవి దగ్గరకు వంగి, "ఏవండీ, ఉన్నారా?" అన్నారు.

ఆయన చిటికెన వేలు కదిలింది.

"చూశావామ్మా, పలికారు! డాక్టర్లేమో మిషను తీసేద్దామంటున్నారు. ఆయన దగ్గర చదువుకున్నదానివి, నువ్వు చెప్పు."

నేను నోరు తెరిచేలోగా, ఎవరూ పిలవకుండానే, ఆ వేలు మళ్లీ కదిలింది.