గోడ మీది నంబరు

మా ఇంటి తలుపు పక్కన గోడ మీద నీలం రంగుతో మా అత్త ఫోన్ నంబరు రాసి ఉంటుంది. గల్ఫ్ పోయే ముందు మా ఆయన రాసిపోయాడు. మా అత్తకు చదువు రాదు. ఎవరైనా నంబరు అడిగితే ఆ గోడ చూపించి, "గదే, రాసుకో" అంటుంది. ఎన్నిసార్లు సున్నం వేసినా ఆ అంకెల దగ్గర కుంచె పక్కకు తిప్పేవాళ్లం. ఆయనకు నోటికి వచ్చిన నంబరు కూడా లోకంలో అదొక్కటే. నా నంబరు ఆయన ఫోన్‌లో ఉండేది, తలలో కాదు.

ఆయన పోయిన కొత్తలో అక్కడి నుంచి మాట్లాడాలంటే భయమేసేది, అంత ఖర్చు. అందుకని ఒక లెక్క పెట్టుకున్నాం. పొద్దున డ్యూటీకి పోతూ ఆ నంబరుకు మిస్డ్ కాల్ ఇస్తాడు. ఒకసారి మోగి ఆగితే బాగున్నట్టు. వెంటవెంటనే రెండుసార్లు మోగితే ఏదో ఆపద వచ్చినట్టు, ఎట్లాగైనా మేం తిరిగి చేయాలి. ఏదైనా సరే ఎత్తకూడదు. ఎత్తితే ఆయన పైసలు కొట్టుకుపోతాయి. మంథని చుట్టుపక్కల గల్ఫ్ మనిషి ఉన్న ప్రతి ఇంట్లో ఇలాంటి లెక్క ఏదో ఒకటి నడిచింది. ఫోన్ మోగగానే చేతిలో పని వదిలేసి అందరం దాని చుట్టూ నిలబడేవాళ్లం, ఒక్కరం కూడా ముట్టుకునేవాళ్లం కాదు. ఆగిపోయాక మా అత్త దాన్ని కళ్లకు అద్దుకునేది.

తర్వాత పెద్ద ఫోన్లు వచ్చాయి. ఆయన ముఖం చూపిస్తూ నా ఫోన్‌కే చేయడం మొదలుపెట్టాడు. మిస్డ్ కాల్ అవసరం తీరిపోయింది. అత్త చేతిలోని చిన్న ఫోన్‌కు కంపెనీ వాళ్ల పాటలు, లోన్ ఇస్తామనే పిల్లలు తప్ప ఎవరూ చేసేవారు కాదు.

అట్లాంటి రోజుల్లో రీచార్జి రేట్లు పెరిగాయి. ఇంట్లో మూడు ఫోన్లు. నాది, డిగ్రీ చదివే మా బిడ్డది, అత్తది. నాట్ల కాలంలో ఒకనాడు మంథని బస్టాండు పక్కన రీచార్జి షాపులో మేం ముగ్గురం నిలబడి ఏ ప్యాకు వేయాలా అని కొట్లాడుకున్నాం. నాకు ఆ ప్యాకులంటేనే ఒళ్లు మంట. లోకమంతటికీ నెల అంటే నెల, వీళ్లకు మాత్రం ఇరవై ఎనిమిది రోజులు. మా అత్త ఫోన్‌లో బొమ్మే రాదు, దానికీ నెట్ కలిపిన ప్యాకే కొనాలట. నెట్ నాకేం వద్దు, మోగితే చాలు అంటే వినేవాడు లేడు. మోగడానికి కూడా పైసలే. వేయకపోతే వచ్చే ఫోన్లు కూడా ఆగిపోతాయి.

షాపతను ఓపిక గలవాడు. "గిదేం బాండు పేపర్ కాదక్కా. ఇష్టముంటే ఏసుకో, లేకుంటే బంద్ పెట్టు. నిన్ను అడిగెటోడు లేడు," అన్నాడు.

బిడ్డ ఫోన్ ఆపితే చదువు ఆగుతుంది. నాది ఆపితే ఆయన ముఖం కనబడదు. ఇంక నేను నోరు తెరవకముందే అత్త అన్నది.

"నాదే బంద్ పెట్టుండ్రి. నాకెవలు చేస్తరు?"

ముసలామె అట్లా అనగానే నా గుండెల మీద బరువు దిగింది, నిజం చెప్తున్నాను. మా ఇద్దరికీ మంచి ప్యాకు వేయించి, బస్సెక్కి ఇంటికి వచ్చాం. కోతలు అయ్యేసరికి ఆ నంబరు సంగతే మరిచిపోయాం, ఆయనకు చెప్పాలని కూడా తట్టలేదు.

యాసంగి పంట కూడా ఇంటికి చేరాక ఆయన ఫోన్ ఆగిపోయింది. ఒకరోజు రాలేదు, డ్యూటీ అనుకున్నాం. వారం రాలేదు. నేను చేస్తే స్విచాఫ్. ఆయన గదిలో ఉండే పక్క ఊరి మనిషికి చేస్తే, చాలాసేపు నసిగి చెప్పాడు. "కంపెనీల జీతాలు ఆగినయి వదినా. అన్న బయట పని చూస్కుంటనని ఎల్లిపోయిండు. ఫోన్ సుత అమ్ముకున్నడంటుండ్రు. యాడున్నడో మాకు ఎరుక లేదు." పాస్‌పోర్టు కంపెనీ దగ్గరే ఉందట. కాగితాల్లేని మనిషి, ఫోన్ లేని మనిషి, ఆ ఎండలో ఎక్కడున్నాడో. నాకు తిండి దిగలేదు. ఏడిస్తే బిడ్డ భయపడుతుందని పొయ్యి ముందు కూర్చుని పొగ మీద పెట్టి ఏడ్చేదాన్ని.

ముందు తట్టింది అత్తకే. గోడకు ఆనుకుని కూర్చున్నది కాస్తా లేచి నిలబడింది.

"వాడు గీ నంబరుకు చేస్తుండొచ్చు పిల్లా! వాని నోటికి గిదొక్కటే వస్తది!"

ఒంటి మీది చీరలతోనే ఇద్దరం మంథని పరుగెత్తాం. షాపతను సిమ్ తీసుకుని చూశాడు. అది ఎప్పుడో కాలం చేసిన మా మామ పేరు మీద ఉంది. మళ్లీ లేపాలంటే ఆయన వేలిముద్ర కావాలట. చచ్చినవాడి వేలు ఎక్కడినుంచి తేవాలి? పైగా లేపినా లాభం లేదన్నాడు. "మస్తు రోజులు రీచార్జి చెయ్యకుంటే నంబరు వేరేటోళ్లకు ఇస్తరక్కా. ఎవలకో పోయింది."

అక్కడే నిలబడి నా ఫోన్ నుంచి చేశాను. మోగింది. మా నంబరు ఎక్కడో పరాయి ఇంట్లో మోగుతోంది. ఒక పెద్దావిడ ఎత్తింది. నిర్మల్ అవతల ఊరట. మేమెవరమో, ఎందుకు చేశామో చెప్పాను.

"పొద్దుగాల పొద్దుగాల ఒక్కపారి మోగి ఆగుతుండె బిడ్డా, రోజూ," అన్నదామె. "ఎవలో పోకిరోళ్లనుకున్న."

బాగున్నాను, బాగున్నాను అని ఆయన రోజూ ఆమెకు చెప్పుకున్నాడన్నమాట. "వరుసగా రెండుసార్లు ఎప్పుడన్నా మోగిందా అవ్వా?" అని అడిగాను.

"మోగింది. ఒకనాడు ఎడతెగకుంట మోగింది. ఇసుగొచ్చి ఎత్తిన. అవ్వా, అవ్వా అన్నడు. నేను మీ అవ్వను కాదు, మల్ల చెయ్యకు అని కొట్లాడిన. గప్పటిసంది రాలే బిడ్డా. నాకేమెరుక?" తన తల్లిని ఆయన అవ్వా అనే పిలుస్తాడు. అవతల ఆమె ఏడవడం మొదలుపెట్టింది. ఆమెను ఏమనాలి? పక్కన అత్త నా ముఖంలోకి చూస్తూ, "ఏమంటుంది? ఏమంటుంది?" అని నా కొంగు గుంజుతోంది.

ఆమె కొడుకుతో ఆ కాల్ నంబరు చెప్పించుకుని పక్క ఊరి మనిషికి పంపాను. అతను అక్కడి నుంచి దానికి చేస్తే అదొక చాయ్ హోటల్. వచ్చిపోయే కూలీలందరూ అడిగి వాడుకునే ఫోన్. ఎవరికి ఇచ్చానో నాకేం గుర్తని హోటలతను పెట్టేశాడట.

ఇంక మిగిలింది గోడ మీది నంబరే. మళ్లీ చేస్తాడు. చేయక ఎక్కడికి పోతాడు? ఆయన నోట్లో ఉన్నది అదొక్కటే. పెద్దావిడకు పదిసార్లు చెప్పాను, ఈసారి మోగితే వెంటనే ఎత్తమని, నా నంబరు చెప్పమని. ఆమె సరే సరే అన్నది గానీ మధ్యలో ఒక మాట అన్నది.

"నా కొడుకు గీ సిమ్ము బంద్ పెడ్తనంటుండు బిడ్డా. రేపో మాపో ప్యాకు అయిపోతదట. నాకెవలు చేస్తరు అని నేను సుత సరేనన్న."

"బంద్ పెట్టకు అవ్వా, నీ కాళ్లు మొక్కుతా. నేను ఏయిస్త," అన్నాను.

అప్పటి నుంచి మా అత్త పొద్దున లేవగానే ఆమెకు నా ఫోన్‌తో చేస్తుంది. "వచ్చిందా చెల్లే?" "రాలే అక్కా. దిండు కిందనే పెట్టుకున్న, ఫికర్ చెయ్యకు." ఆ తర్వాత ఇద్దరూ మోకాళ్ల నొప్పుల గురించి కాసేపు మాట్లాడుకుంటారు. ఇప్పటిదాకా ఫోన్ రాలేదు.

మొన్న ఆ నంబరుకు మళ్లీ ప్యాకు గడువు వచ్చింది. షాపులో పాతతను లేడు, అతని భార్య కూర్చుంది. అన్నిటికంటే ఎక్కువ రోజులొచ్చే ప్యాకు వేయమన్నాను. నంబరు చూడకుండా గడగడా చెప్పాను. ఆమె నొక్కబోయి ఆగింది.

"మల్లొకసారి చూస్కో అక్కా. తప్పు నంబరుకు పోతే పైసలు వాపస్ రావు. గిది మీదేనా?"

"మాదే చెల్లే. మా ఇంటి గోడ మీదున్న నంబరే. ఎయ్యి."