ఇద్దరికే సరిపోయే పడవ

ఆ రోజుల్లో కొత్తగా పెళ్ళైన మొగుడూ పెళ్ళాం ఇంట్లో ఒక మాట చెప్పుకోవాలంటే అయ్యే పని కాదు. ఇప్పటి పిల్లలు ఒకే మంచం మీద కూర్చుని కూడా ఫోన్లలో రాసుకుంటారు, వాళ్ళకు గోడలతో పనే లేదు. మాకు గోడలుండేవి గానీ వాటికి తలుపులుండేవి కావు, పరదాలుండేవి. వరంగల్‌లో మా అత్తగారిల్లు మూడు గదులు. ఒక గదిలో మా బావ, ఆయన భార్య (నేను అక్కా అనేదాన్ని), వాళ్ళ పిల్లలు. ఇంకోటి వంటకు. నడిమి గదిలో అత్తమ్మ. ఆమె మంచాన్ని ఆనుకుని పరదా, పరదా వెనక నేనూ మా ఆయనా. అత్తమ్మకు చూపు అంతంతమాత్రమే గానీ చెవులు మాత్రం అల్లా రెండింతలు ఇచ్చాడు. మా ఆయనది దానికి తిరగేసిన లెక్క. పొద్దంతా రేకులు కొట్టీ కొట్టీ ఆయనకు చెవులు మందమయ్యాయి. నేను “ఏమయ్యా” అని గుసగుసగా పిలిస్తే ఆయన పలికేవాడు కాదు, పరదా అవతల నుంచి అత్తమ్మ “ఏందే?” అనేది. గుసగుస ఆయనకు చేరదు, గట్టిగా అంటే ఇల్లంతా చేరుతుంది. ఇక కాపురం ఎట్లా నడిచిందంటారా? నడిచింది, సైగల మీద.

సైగలతో కూర అడగొచ్చు, నీళ్ళు అడగొచ్చు. “వేరు పడదాం” అని సైగ చెయ్యడం ఎట్లా? నాకు కావాల్సింది ఆ మాట చెప్పడమే. హసన్‌పర్తిలో ఉన్న మా పిన్ని, వాళ్ళ పక్కింట్లో రెండు గదులు ఖాళీ అయ్యాయని కబురు పెట్టింది. నీళ్ళు బాగా వస్తాయట, తలుపుకు లోపలి నుంచి గడియ ఉందట. గడియ అనే మాట వినగానే నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు. పండుగ దాకా ఆ ఇంటివాళ్ళను ఆపుతాను, ఆ తర్వాత నా చేతుల్లో లేదు అని పిన్ని అన్నది. పండుగ దగ్గర పడుతోంది. సినిమాకు పోదామని లేస్తే బావ పిల్లలు మాకంటే ముందే చెప్పులేసుకుని గడపలో నిలబడేవాళ్ళు. ఆయన పనిచేసే షెడ్డుకు పోయి చెబుదామంటే అక్కడ సుత్తి చప్పుడు. ఒకసారి ఆ చప్పుడులోనే చెప్పాను. ఆయన అంతా విని, తల ఊపి, స్క్రూడ్రైవర్ తెచ్చి నా చేతిలో పెట్టాడు.

ఆయన కూలర్లు చేసేవాడు. ఎండాకాలం వచ్చిందంటే అన్నం తినడానికి కూడా తీరిక ఉండదు, వానలు పడ్డాయంటే ఈగలు తోలుకోవడమే. మిగిలిన రేకులు కళ్ళ ముందు ఉంటే ఆయన చేతులు ఊరుకునేవి కావు. ఆ ఏడు వానల్లో, కూలర్లు ఇళ్ళకు చేర్చే పాత వ్యాను మీద పడ్డాడు. వెనక సీటు పీకేసి, చెక్కపెట్టెల పలకలతో మంచం కొట్టాడు. మడిస్తే బల్ల, పరిస్తే మంచం. వెనక తలుపుకు గొలుసుల మీద వేలాడే రేకు అర, దాని మీద పొయ్యి. ఒక పక్క అద్దం తీసేసి అక్కడ కూలర్ గడ్డి బిగించి, లోపల చిన్న ఫ్యాను, పైన నీళ్ళ డబ్బా. “శనివారం పోయి చెరువు కాడ ఉందాం, ఆదివారం వద్దాం. అండ్లనే వండుకునుడు, అండ్లనే పండుకునుడు” అన్నాడు. నేను మంచి చీర ఒకటి కోసి కిటికీలకు పరదాలు కుట్టాను. నాకు ఆ వ్యాను వ్యానులా కనిపించలేదు. తలుపులున్న గది, అదీ చక్రాల మీద!

మొదటి శనివారం నేను తయారై బయటికి వచ్చేసరికి మంచం మీద అత్తమ్మ కాళ్ళు చాపుకుని ఉంది.

“మంచిగ చేసిండు బిడ్డ. నా నడుముకు మస్తు సుకంగున్నది. ఏడికి పోతానం?” అన్నది. ఆ “పోతానం”లో ఎంతమంది ఉన్నారో అప్పుడే అర్థమైంది. వెనక నుంచి అక్క పిల్లలను ఒక్కొక్కరినీ లోపలికి తోస్తోంది. ముందు సీట్లో బావ, ఒళ్ళో మాంసం గిన్నె పెట్టుకుని, “జల్దీ ఎక్కు పిల్లా, ఎండెక్కుతాంది” అని నన్నే తొందర పెట్టాడు. నాకు దొరికిన జాగా బియ్యం సంచి మీద, సరిగ్గా ఆ నీళ్ళ డబ్బా కింద. మలుపు తిరిగినప్పుడల్లా డబ్బా నా నెత్తిన కుమ్మరించేది. వర్ధన్నపేట దాటేసరికి వ్యాన్లో అందరికీ చల్లగా ఉంది, నాకు మాత్రం జలుబు చేసింది. రాత్రికి ఆ మంచం మీద అత్తమ్మ, అక్క, పిల్లలు. మా ఆయన వ్యాను కింద. నేను ఎక్కడ పడుకున్నానో చెబితే మీరు నవ్వుతారు, కాబట్టి చెప్పను. (చెప్పు నానమ్మా అంటోంది నా మనవరాలు. ఇది రాసేది ఆమే. రాసే పని చూసుకో అన్నాను.)

మర్నాడు పొద్దున చెరువులో జాలరి ఒకాయన చిన్న తెప్ప మీద ఒక్కడే కూర్చుని వల వేస్తున్నాడు. చుట్టూ నీళ్ళు. పరదా లేదు, పక్కన మంచం లేదు, ఎవరూ వచ్చి కూర్చునే వీలే లేదు. నేను ఆయన్నే చూస్తుంటే బావ దగ్గాడు, పరాయి మగవాణ్ణి ఏం చూస్తున్నావన్నట్టు. నేను మగవాణ్ణి చూడలేదు, జాగాను చూశాను. ఇంటికి వచ్చాక మా ఆయన షెడ్డుకు అన్నం తీసుకుపోయి, ఆయన చెవి దగ్గర అరిచాను: “నువ్వు పడవ చెయ్యగలవా?”

ఇంకెవరైనా ఎందుకని అడిగేవాళ్ళు. మా ఆయన “రేకుదా, చెక్కదా?” అని అడిగాడు.

రేకు వంచాడు, కూలర్ స్టాండ్లకు వాడే ఇనుప పట్టీలతో పక్కటెముకలు వేశాడు, కూలర్లకు కొట్టే నీలం రంగే కొట్టాడు. వెదురు బొంగులకు రేకు పలకలు బిగించి తెడ్లు చేశాడు. దారిన పోయేవాళ్ళందరికీ అదొక వేడుక. “ఓ అన్నా, గీ కూలర్‌కు ఫ్యానెక్కడ పెడుతవు?” అని ఒకడు. “ఇల్లంత కడుపుల పెట్టుకునే కూలరా ఇది?” అని ఇంకొకడు. నేను పోయినప్పుడల్లా అందులో దిగి మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని కొలత చూసేదాన్ని. “ఇంకొంచెం చిన్నగ చెయ్యి” అనేదాన్ని. “ఇంక చిన్నదంటె ఇద్దరమే పడుతం” అన్నాడు. “అయితే సరిపోతది” అన్నాను. రేకు పొదుపు చేసే పెళ్ళాం దొరికిందని ఆయన ఎంత మురిసిపోయాడో!

పడవ అయ్యాక కారుతుందో లేదో చూడాలి కదా. మీరైతే ఏం చేస్తారు? నీళ్ళలో పెట్టి చూస్తారు. ఆయన పుట్టి బుద్ధెరిగి చేసినవన్నీ కూలర్లు. పైపు తెచ్చి పడవ నిండా నీళ్ళు పట్టాడు. మర్నాడు పొద్దున వచ్చి చూస్తే చుక్క తగ్గలేదు. “చూసినవా, చుక్క బయటికి పోలే!” అని ఛాతీ విరుచుకున్నాడు. తర్వాత అడుగున ఉన్న బిరడా పీకి ఆ నీళ్ళు వదిలేశాడు. అవును, అడుగున బొక్క పెట్టాడు. ప్రతి కూలర్‌కూ పెట్టేవాడు, నీళ్ళు మార్చడానికి. చెయ్యి అలవాటు, దీనికీ పెట్టింది. ఆ పీకిన బిరడా తీసి షెడ్డు కిటికీలో పెట్టాడు, పోగొట్టుకోకూడదని.

మళ్ళీ శనివారం. వ్యాను లోపల అందరూ, వ్యాను పైన పడవ, నా ఒళ్ళో బియ్యం సంచి. ఈసారి నాకు దిగులు లేదు. చెరువు చేరి వంట అయ్యాక, పడవను మోసుకుపోయి నీళ్ళలో పెట్టారు. బావ ఎక్కబోయాడు, అది పక్కకు ఒరిగింది, దిగిపోయాడు. పిల్లలు ఎక్కుతామని ఏడిస్తే, “ఆగుండ్రి, ఫస్టు నేను చూసొస్త, మంచిదా కాదా” అని ఎక్కి కూర్చున్నాను. “కింద రేకు సల్లగుంటది బిడ్డా” అని అత్తమ్మ చాప ఒకటి తెచ్చి పరిచింది. ఆమె మంచికే పరిచింది. ఆ చాప లేకపోతే ఆ బొక్క మాకు గట్టు మీదే కనపడేది.

మా ఆయన ఎక్కి తెడ్లు అందుకున్నాడు. చెరువు నడిమికి పోయేసరికి చాప తడిసింది, తర్వాత తేలింది. నేను చాప ఎత్తి చూసి ఆ బొక్క మీద మడమ పెట్టి నొక్కాను. మా ఆయన తన జేబులు తడుముకున్నాడు. ఆయన ముఖం చూడాలి మీరు! ఆయన పట్నం పిల్లగాడు, ఈత రాదు. నేను తొర్రూరు దగ్గర పల్లెలో బావుల్లో దూకి పెరిగినదాన్ని.

“కాలు తియ్యకు! గట్టుకు తీసుకపోత” అని తెడ్డు అందుకున్నాడు.

“తెడ్డు కింద పెట్టు. ఒక మాట చెప్పాలె.”

“ఆఁ?”

“మాట చెప్పాలె!” అని అరిచాను.

“గట్టుకు పోయినంక చెప్పరాదే!”

“గట్టు మీద ఎన్నడి సందో చెప్తాన్న, నీకినబడ్డదా? హసన్‌పర్తిల రెండర్రల ఇల్లున్నది, కిరాయికి. వేరు పడుదాం!”

“ఏం పడుదాం?”

“వేరు! వేరు పడుదాం! మీ ఇంట్ల నాకు ఊపిరాడ్తలేదు! ఊఁ అంటవా, కాలు తియ్యాల్నా?”

ఆయన బొక్క వైపు చూశాడు, నా వైపు చూశాడు. “అమ్మకెట్ల చెప్పాలె?” అన్నాడు చిన్నగా. పాపం, చిన్నగా అన్నాననుకున్నాడు. చెవులు మందమైనవాళ్ళకు తమ గొంతు ఎంతుందో తెలియదు. “నువ్వు చెప్పకు, నేనే చెప్త. మంచిగ ఒక రోజు చూసి, మెల్లగ, మనసు నొవ్వకుంట చెప్త” అని నేనూ అంతే గొంతుతో అన్నాను. “సరే” అన్నాడు. అల్లా సాక్షిగా చెబుతున్నాను, పెళ్ళయ్యాక మేమిద్దరం పూర్తిగా మాట్లాడుకున్న మొదటి మాట అది.

నీళ్ళ మీద మాట ఎంత దూరం పోతుందో నాకు తెలియదు. బావుల్లో ఈత కొట్టినదాన్ని, చెరువు సంగతి నాకేం తెలుసు? గట్టు వైపు తిరిగితే అందరూ వరసగా నిలబడి ఉన్నారు. పిల్లలు కూడా కదలడం లేదు. బావ చేతిలో గరిటె అట్లాగే గాలిలో ఉంది. ఆ తిరుగు ప్రయాణం ఉంది చూడండి, పగవాళ్ళకు కూడా వద్దు. మడమ తియ్యడానికి లేదు, ముఖం దాచుకోవడానికి లేదు. ఆయన తెడ్డు వేసినకొద్దీ ఆ ముఖాలు పెద్దవవుతున్నాయి. మొదట అత్తమ్మ చీర రంగు కనపడింది, తర్వాత ఆమె నడుం మీద పెట్టుకున్న చేతులు కనపడ్డాయి. నాకైతే బొక్క మీది నుంచి కాలు తీసి అందులోనే మునిగిపోదామనిపించింది. ఈత వచ్చినవాళ్ళకు ఆ సుఖం కూడా లేదు.

అత్తమ్మ చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని పాదాలు మునిగేదాకా నీళ్ళలోకి వచ్చింది.

“ఏడ అన్నవే? హసన్‌పర్తిలనా?”

నేను తల ఊపాను.

“నీళ్ళు మంచిగ వస్తయా?”

“వస్తయంట అత్తమ్మా.”

“తలుపులున్నయా?”

“ఉన్నయి. గడియ గూడ ఉన్నదంట.”

అత్తమ్మ ఇంకో అడుగు వేసి పడవ అంచు పట్టుకుంది. “పెద్దోని పిల్లలు పొద్దుమాపు నా మీద పడి దుంకవట్టిరి. నమాజు చేసుకుందామంటె జాగ లేకపాయె. నా పెండ్లైన నాటి సంది నాకు తలుపున్న అర్ర లేదు బిడ్డా” అన్నది. తర్వాత గొంతు పెంచి, అందరికీ వినపడేట్టు: “ఒక అర్ర నాకియ్యుండ్రి. నేనూ వస్త!”

మా ఆయనకు అదొక్కటీ ఒకేసారికి వినపడింది. వెనక నుంచి అక్క నిట్టూర్చింది. కోపం వచ్చిందేమో అనుకున్నాను. “ముందే అంటె ఐపోవు గదా చెల్లె! నడిమర్ర మాకిస్తిరని సంబురపడుదును. గింత దానికి పడవ చెయ్యాల్నా?” అన్నది. బావ గరిటె దించి, “ఐతే అన్నం తిందామా?” అన్నాడు.

పండుగకు ముందే హసన్‌పర్తి పోయాం. గడియ ఉన్న గది అత్తమ్మ తీసుకుంది. లోపలి నుంచి గడియ పెట్టుకుని హాయిగా గురక పెట్టేది. మాకు ముందు గది వచ్చింది. దానికి తలుపు వీధిలోకి, లోపలికి మాత్రం పరదా, పరదా అవతలే అత్తమ్మ తలుపు. ఆమె పోయేదాకా అట్లాగే గడిచింది. కోపం వచ్చేది, నవ్వూ వచ్చేది. ఆఖరి రోజుల్లో మేం పరదా వెనక ఏదైనా తర్కించుకుంటే, లోపలి నుంచి తీర్పు చెప్పేది. చాలాసార్లు నా వైపే చెప్పేది, అది కూడా చెప్పుకోవాలి.

పోయిన వానల్లో మా ఆయన కూడా పోయాడు. ఇప్పుడా రెండు గదులూ నావే. ఏమైనా మాట్లాడుకోవచ్చు, ఎంత గట్టిగానైనా. మొన్న సాయంత్రం పొయ్యి మీద అన్నం మాడింది. “ఏమయ్యా, అన్నం మాడింది” అని అలవాటుగా గట్టిగా అన్నాను. తర్వాత ఒక నిమిషం అట్లాగే నిలబడ్డాను, ఎవరైనా “ఏందే?” అంటారేమోనని. అప్పుడు నవ్వొచ్చింది. ఎవరూ వినని జాగా కోసం మొగుణ్ణి చెరువు నడిమికి తీసుకుపోయి బెదిరించిన ఆ పిల్ల ఇప్పుడు గనక ఎదురుపడితే ఏం చెబుతాను? ఏమీ చెప్పను. మడమ గట్టిగా నొక్కిపట్టు బిడ్డా, తొందరపడి గట్టుకు రాకు అంటాను, అంతే.