డైరెక్టరు గారి రాష్ట్రపటం పళ్లెం

2011 మొదట్లో నేను నగరంలోని ఒక ప్రభుత్వ పరిశోధన సంస్థలో గాజు విభాగం ఇన్‌చార్జిని. హోదా సీనియర్ టెక్నికల్ అసిస్టెంట్. విభాగం అంటే ఒక గది, రెండు బర్నర్లు, నేను. రసాయన శాస్త్రవేత్తలకు కావలసిన ఫ్లాస్కులు, కండెన్సర్లు, వంకర గొట్టాలు మంట మీద ఊది, వంచి, అతికించి ఇవ్వడం నా పని. ఇరవై ఆరేళ్లలో నా గొట్టాలతో ప్రయోగాలు చేసి పేపర్లు అచ్చు వేసుకున్నవాళ్లలో ఒక్కరూ కృతజ్ఞతల్లో నా పేరు రాయలేదు. ఒకాయన గ్యాస్ సిలిండర్లు తెచ్చినవాళ్లకు కూడా కృతజ్ఞత చెప్పాడు. ఆయన పేరు నాకు గుర్తుంది. ఇక్కడ రాయను.

విభాగంలో ఒకప్పుడు కరెంటు బట్టీ ఉండేది. మంట మీద పనిచేసిన గాజు లోపల బిగువు మిగిలిపోతుంది. మళ్లీ వేడి చేసి మెల్లగా చల్లారిస్తేనే అది వదులుతుంది. దీన్ని అనీలింగ్ అంటాం. బట్టీ కాయిల్ కాలిపోతే కొత్తది కొనమని మూడు ఇండెంట్లు పెట్టాను. మూడోదానికి జవాబుగా బట్టీనే పనికిరాని సామాన్లలో చేర్చి వేలం వేశారు. నేను తప్ప ఎవరూ పాట పాడలేదు. దాన్ని దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఇంటి మెట్ల కింద పెట్టి, కాయిల్ నేనే చుట్టాను. అక్కడ రావలసిన వాషింగ్ మెషీన్ సంగతి మా ఆవిడ అనసూయ ఇప్పటికీ ఎత్తుతుంది.

ఆ బట్టీలో నేను గాజు పళ్లేలు చేసేవాణ్ణి. మూసారాంబాగ్‌లో కిటికీ అద్దాలు కోసే దుకాణంలో మిగిలిన ముక్కలు తెచ్చేవాణ్ణి. తెల్ల అద్దం అడుగున వేసి, దాని మీద రంగు అద్దం ముక్కలు పేర్చి, పింగాణి మట్టి పూసిన పలక మీద పెట్టి బట్టీలోకి తోయాలి. ఎనిమిది వందల ఇరవై డిగ్రీల దగ్గర అన్నీ మెత్తబడి ఒకటవుతాయి. అక్కడి నుంచి ఐదు వందల యాభైకి దించి, గంటన్నర ఆపి, తర్వాత రాత్రంతా చల్లారనివ్వాలి. మూత ఎత్తి చూడాలనిపిస్తుంది. ఎత్తకూడదు. చల్లారిన పళ్లేన్ని గిన్నె ఆకారపు అచ్చు మీద పెట్టి ఇంకోసారి కాలిస్తే వంపు వస్తుంది.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఒకటుంది. అద్దాలన్నీ చూడటానికి ఒకలాగే ఉంటాయి గానీ, చల్లారేటప్పుడు ఒక్కో కంపెనీ అద్దం ఒక్కో కొలతలో కుంచించుకుంటుంది. కొలత కలవని రెండు అద్దాలు బట్టీలో చక్కగా అతుక్కుంటాయి, బయటికి వచ్చాక పగులుతాయి. ఒక్కోసారి ఆ రోజే, ఒక్కోసారి నెలకు. అందుకే ముందు చిన్న పట్టీ కాల్చి, రెండు పోలరాయిడ్ రేకుల మధ్య పెట్టి చూస్తాం. అతుకు దగ్గర చీకటిగా ఉంటే మంచిది. వెలుగు కనిపిస్తే లోపల బిగువు ఉన్నట్టు.

ఫిబ్రవరిలో డైరెక్టరు గారు పిలిపించారు. ఆయనది గుంటూరు వైపు. అందరినీ "గారు" అనేవారు, నన్ను తప్ప. అంతకుముందు నా పళ్లెం ఒకటి చూసి, "ఇవి వంటింటి సామాన్లు కదయ్యా" అన్నారు. ఆ రోజు మాత్రం కుర్చీ చూపించారు. ఢిల్లీ నుంచి తనిఖీ బృందం వస్తోందట, దాని పెద్దకు రాష్ట్రపటం ఉన్న గాజు పళ్లెం ఇవ్వాలట. తెలంగాణకు గోధుమరంగు, కోస్తాకు నీలం, సీమకు ఆకుపచ్చ.

"మూడు రంగులు, ఒకటే పళ్లెం. అర్థమైందా నర్సింహా? వెనక నీ పేరు కూడా వేసుకో," అన్నారు.

అప్పటికి ఉద్యమం వేడి మీద ఉంది. మాది నల్లగొండ పక్క పల్లె, నేను ఉద్యోగుల సంఘం సభ్యుణ్ణి. సమైక్య రాష్ట్రపటం నేను చేయకూడదు. కానీ ఇరవై ఆరేళ్లలో నా పేరు వేసుకోమన్న మొదటి మనిషి ఆయన. ఒప్పుకున్నాను.

మూసారాంబాగ్ దుకాణంలో నీలం, ఆకుపచ్చ ఒక కంపెనీవి, గోధుమరంగు ఇంకో కంపెనీది. పట్టీ కాల్చి చూశాను. నీలం, ఆకుపచ్చ చీకటిగా ఉన్నాయి. గోధుమరంగు అంచు చుట్టూ దీపం పెట్టినట్టు వెలుగు. వెంటనే డైరెక్టరు గారికి నోట్ రాశాను: ఈ అద్దాలు కలవవు, మూడూ ఒకే కంపెనీవి తెప్పించండి, లేదా పటం మానుకోండి. నోట్ రాస్తే చాలదు, తపాల్ సెక్షన్‌లో ఇన్‌వార్డ్ నంబరు వేయించాలి. నంబరు లేని కాగితం ఆఫీసు లెక్కలో పుట్టనట్టే.

సరిగ్గా ఆ రోజే సహాయ నిరాకరణ మొదలైంది. ఆఫీసుకు వస్తాం, సంతకం పెడతాం, పెన్ను ముట్టం. పొద్దున గదులన్నీ తిరిగి అందరి పెన్నులూ కింద పెట్టించినవాళ్లలో నేనే ముందున్నాను. తపాల్ గుమాస్తా యాదగిరి సంఘానికి కార్యదర్శి, అయినా అలవాటు కొద్దీ ఏదో రాస్తుంటే చేతిలోంచి లాక్కున్నాను. మధ్యాహ్నం నోట్ పట్టుకుని అతని దగ్గరికే వెళ్లాను.

"ఏందన్నా, పొద్దుగాల నా చేతిలకెళ్లి పెన్ను గుంజుకుంటివి. ఇప్పుడు నంబరెయ్యమంటవ్. పెన్ను నీ జేబులనే ఉంది సూడు," అన్నాడు యాదగిరి.

నిజంగానే ఉంది. తిరిగి ఇస్తానంటే వద్దన్నాడు. ఉద్యమం అయినంక రా అన్నాడు.

నోట్ తీసుకుని నేరుగా డైరెక్టరు గారి దగ్గరికి వెళ్లాను. "పగులుద్దంటావ్, పగలకుండా చెయ్యడానికే కదయ్యా నీకు జీతం," అని చదవకుండానే తిరిగి ఇచ్చారు. నాకు పంతం వచ్చింది. మామూలుకు రెట్టింపు సేపు చల్లార్చితే నిలబడుతుందేమో అనుకున్నాను. నిలబడదని నాకు తెలుసు, అయినా అనుకున్నాను. ఇంట్లో కాల్చాను. ఉద్యమంలో ఉండి పని చేస్తున్నావేమని అనసూయ అడిగితే, పెన్ను ముట్టొద్దన్నారు గానీ బట్టీ ముట్టొద్దనలేదని చెప్పాను. "గంత తెలివి ఉన్నోనికి ప్రమోషన్ ఎందుకు రాలేదో," అన్నది.

పళ్లెం అందంగా వచ్చింది. రేకుల మధ్య పెడితే తెలంగాణ చుట్టూ వెలుగు అలాగే ఉంది. వెనక నా పేరు చెక్కి ఇచ్చేశాను.

రెండు రోజుల తర్వాత సంఘం తరఫున ఆరుగురం మెమోరాండం ఇవ్వడానికి డైరెక్టరు గారి గదికి వెళ్లాం. ఆయన ఏసీ గదిలో మంచి మాటలతో కూర్చోబెట్టి, మిరపకాయ బజ్జీలు తెప్పించి, ఢిల్లీ బృందానికని ఉంచిన కొత్త పళ్లెంలోనే పెట్టమన్నారు. "అందరం ఒకే పళ్లెంలో తిందామండీ," అన్నారు. వేడి వేడి బజ్జీలు. నేను వద్దనేలోపే టక్కున చప్పుడైంది. ఖమ్మం నుంచి నల్లగొండ మీదుగా సీమ అంచు దాకా, తెలంగాణ సరిహద్దు వెంబడే పగులు. నూనె టేబుల్ మీదికి కారింది.

"సార్, మేం మెమోరాండం ఇంకా ఇయ్యనే లేదు," అన్నాడు యాదగిరి.

మర్నాడు నాకు చార్జి మెమో వచ్చింది. పళ్లెం తెలంగాణ సరిహద్దు వెంబడి పగిలేలా ఉద్దేశపూర్వకంగా తయారు చేసితిరని అభియోగం. మరో నెలలో నా ప్రమోషన్ కమిటీ ఉంది. అభియోగం నడుస్తుంటే కమిటీ నిర్ణయాన్ని కవర్లో పెట్టి సీలు వేస్తారు. శిక్ష పడితే ఆ కవరు విప్పరు. పదకొండేళ్లుగా ఎదురు చూసిన టెక్నికల్ ఆఫీసర్ పోస్టు అది.

యాదగిరి ఇంటికి వచ్చాడు. "అన్నా, తెలంగాణ కోసమే పలగ్గొట్టిన అని రాసియ్. సస్పెండ్ చేస్తే చెయ్యనీ, నిన్ను దిల్‌సుఖ్‌నగర్ చౌరస్తల ఊరేగిస్తం."

ఎంత చేతగానివాడైనా పగిలే పని కావాలని చేయడన్నాను. నోట్ తెచ్చానని సాక్ష్యం చెప్పమన్నాను. ముందు నువ్వు రాసియ్, తర్వాత నేను చెప్తనన్నాడు. నేను రాయలేదు, అతను చెప్పలేదు.

విచారణ అధికారి మూర్తి గారు భవనాల విభాగం ఇంజనీరు, ఎల్బీనగర్‌లో ఉండేవారు. బట్టీ మా ఇంట్లో ఉంది కాబట్టి ప్రదర్శన అక్కడే చూపిస్తానని అర్జీ పెట్టుకున్నాను. ఆ రోజు ఎల్బీనగర్ చౌరస్తాలో రాస్తారోకో. స్కూటర్ అక్కడే వదిలి, కొత్తపేట మీదుగా నడుచుకుంటూ రెండు గంటలు ఆలస్యంగా వచ్చారు. అనసూయ మజ్జిగ ఇచ్చింది. ముందురోజే కాల్చి ఉంచిన రెండు చిన్న పళ్లేలు చూపించాను. నీలం, ఆకుపచ్చ ఉన్నది రేకుల మధ్య చీకటిగా ఉంది. గోధుమరంగు ఉన్నదాంట్లో వెలుగు. రెండింటి మీదా మరిగే నీళ్లు పోశాను. మొదటిది ఊరుకుంది. రెండోది అతుకు వెంబడి పగిలింది.

మూర్తి గారికి విషయం పూర్తిగా అర్థమైంది. "అంటే ఇందులో రాజకీయం ఏమీ లేదండీ, గాజు గుణం అంతే," అన్నారు. నాకు ప్రాణం లేచి వచ్చింది. తర్వాత కళ్లద్దాలు తుడుచుకుంటూ అడిగారు. "మరి నర్సింహ గారూ, పళ్లెం ఇచ్చే ముందు మీరు ఇలా రేకుల మధ్య పెట్టి చూశారా?"

చూడలేదు, నాకు తెలియదు అంటే కేసు అక్కడితో పోయేది. ఆయన నన్ను ఆ మాట అనమన్నట్టే చూశారు. కానీ అలా అంటే, పరీక్ష చేయకుండా పని అప్పగించే మనిషినని నా చేత్తో నేను రాసిచ్చినట్టే. చూశానన్నాను. పగులుతుందని తెలుసా అన్నారు. తెలుసన్నాను. తెలిసి ఎందుకిచ్చారన్నారు. నోట్ తీసి చూపించాను. తిప్పి తిప్పి చూసి, "నంబరు లేదేంటండీ," అన్నారు. ఎందుకు లేదో చెప్పాను. మజ్జిగ గ్లాసు కింద పెట్టి చాలాసేపు నవ్వారు.

దురుద్దేశం అభియోగం కొట్టేశారు. లోపం ఉన్న వస్తువును తెలిసీ అందజేసినందుకు అభిశంసన, అంటే శిక్షల్లో అన్నిటికంటే చిన్నది, సర్వీసు రిజిస్టరులో ఎక్కింది. నాకంటే ఏడేళ్లు జూనియరైనవాడు టెక్నికల్ ఆఫీసర్ అయ్యాడు. నోట్ చదవకుండా తిప్పి ఇచ్చిన డైరెక్టరు గారి గురించి నివేదికలో ఒక్క ముక్క లేదు. దాని మీద నాలుగు అప్పీళ్లు పెట్టాను. నాలుగూ తిరిగి వచ్చాయి.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు ఉపయోగపడే సంగతి చెప్పి ముగిస్తాను. డైరెక్టరు గారి తప్పు డైరెక్టరు గారిదే, యాదగిరిది యాదగిరిదే. అవి నేను మరిచిపోలేదు. కానీ పగులుతుందని కాగితం రాసిపెట్టి కాల్చినవాడు అభ్యంతరం చెప్పినట్టు కాదు, ముందే సాకు వెతుక్కున్నట్టు. పట్టీలో వెలుగు కనిపిస్తే పలక బట్టీలోకి తోయకూడదు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా మూడు పనులు చేయనని వెనక్కి పంపాను. మూడింటికీ మెమోలు వచ్చాయి. నా చేతిలోంచి వెళ్లి పగిలిన వస్తువు మాత్రం మళ్లీ ఒక్కటి లేదు.