విమానం పోయేదాకా ఆగే సార్

మా డ్రిల్ సార్ పోయారు. సోమవారం పొద్దున మా ఊరు సాతంరాయి నుంచి పాత జట్టువాడొకడు ఫోన్ చేసి, "అన్నా, ఇగ సార్ లేడు" అన్నాడు. వెంటనే ఊరికి బయల్దేరాను.

శంషాబాద్ చుట్టుపక్కల ఊళ్ల వాలీబాల్ లీగ్‌ను నడిపింది, మా ఊరి జట్టుకు ఆట నేర్పింది ఆయనే. కొత్త విమానాశ్రయం వచ్చాక మా గ్రౌండు మీదుగా విమానాలు మొదలయ్యాయి. ఆ రొదలో విజిల్ వినపడదని సార్ చెయ్యెత్తి ఆట ఆపేవారు. మేం విసుక్కుంటే, "విమానం పోనియ్యుండ్రి, తొందరేముంది?" అనేవారు. జేబులో ఎప్పుడూ రెండు విజిళ్లు. ఒకటి మొరాయిస్తే ఇంకొకటట. మొరాయించగా నేనైతే చూడలేదు.

ఒక ఏడాది ఫైనల్‌కు ముందు నా మీద ఫిర్యాదు వచ్చింది. గగన్‌పహాడ్‌లో బిస్కెట్ల కంపెనీలో పనిచేసే అమ్మాయి, బస్టాపులో నేను చెయ్యి పట్టుకుని లాగానని సార్‌కు చెప్పింది. జట్టులో స్మాష్ కొట్టేవాణ్ణి నేనొక్కణ్ణే. సార్ నన్ను పక్కకు పిలిచి, "చేసినవా బిడ్డా?" అంటుండగానే విమానం వచ్చింది. అది కనుమరుగయ్యేదాకా ఆగి, "ఇప్పుడు చెప్పు" అన్నారు.

"లేదు సార్."

"సరే. సంగతి తేలేదాక ఆడకు. కానీ ఇంట్ల కూసోకు, వచ్చి నా పక్కన కూసో."

ఊరంతా ఆయన మీద పడింది. "ఎవరో పిల్ల ఏదో అన్నదని కప్పు పోగొడ్తవా సారూ?" అని పెద్దమనుషులే కేకలేశారు. "ఆ పిల్ల అబద్ధమాడిందని మీకెవరు చెప్పిన్రు?" అన్నారు సార్. నన్ను దోషి అనలేదు, ఆమెను అబద్ధాలకోరూ అనలేదు. ఫైనల్ ఓడిపోతుంటే బెంచీ మీద ఆయన పక్కన కూర్చుని చూశాను. తను తెచ్చుకున్న మరమరాల్లో సగం నా దోసిట్లో పోశారు.

ఊరి మాటలు పడలేక ఆ అమ్మాయి పని మానేసి ఎటో వెళ్లిపోయింది. సాక్షులు లేరని లీగ్ కమిటీ నన్ను మళ్లీ ఆడనిచ్చింది. ఆ సాయంత్రమే సార్ మా ఇంటికొచ్చి, అమ్మ ముందే నా చెయ్యి పట్టుకుని, "నిన్ను మస్తు పరేషాన్ చేసిన బిడ్డా, మనసుల పెట్టుకోకు" అన్నారు. "పర్వాలేదు సార్" అన్నాను, ఎంతో మంచివాడిలా.

ఆ అమ్మాయి చెప్పింది నిజం.

తర్వాత ఎన్నిసార్లో చెబుదామని సార్ ఇంటికి వెళ్లి, చాయ్ తాగి తిరిగొచ్చాను. ఆయన నాకు ఇచ్చిన మర్యాదకు తగినవాణ్ణి కానని నాకొక్కడికే తెలుసు. ఆ అమ్మాయికీ తెలుసు.

దహనం అయ్యాక గ్రౌండుకు వెళ్లి ఆ బెంచీ మీద కూర్చున్నాను. రెండు జట్లు ఆడుతున్నాయి. తలమీదికి విమానం వచ్చింది. ఆట ఎవరూ ఆపలేదు. నేను మాత్రం అది పోయేదాకా ఆగాను. "ఇప్పుడు చెప్పు" అనడానికి పక్కన ఎవరూ లేరు.