వడిసెల రాయి, మా మొదటి షాటు

అప్పుడు నాకు ఇరవై మూడేండ్లు. బొంబాయిల సినిమా పని నేర్చుకొని వచ్చి, నేనూ నా దోస్తు నర్సింలూ సిద్దిపేటల ఒక గది కిరాయికి పట్టి సినిమా కంపెనీ బోర్డు కట్టినం. "ఇద్దరితోని కంపెనీ ఏందిరా?" అని బాపు నవ్విండు. "సినిమా చూసినంక నవ్వు బాపూ" అన్న.

మొదటి రోజు మద్దూరు దిక్కు జొన్నచేన్లకు పోయినం. రజాకార్ల గోల అణిగి ఇంక ఏడాది కూడా కాలే. నర్సింలు మూడుకాళ్ల స్టాండు మీద పాత కెమెరా పెట్టి, నల్లగుడ్డ కప్పుకొని హ్యాండిలు తిప్పుడు మొదలువెట్టిండు.

"తుపాకిరో!" అని ఎవరో మొత్తుకున్నరు. కూలోళ్లంత చేన్ల బోర్లవడ్డరు. మంచె మీద పిట్టలు కొట్టే అవ్వ మాత్రం కదలలే. వడిసెల తిప్పి ఇసిరింది. రాయి నా చెవి పక్కకెళ్లి గుయ్యిమని పోయింది.

నేను చేతులు పైకెత్తుకొని మంచె కాడికి పోయిన. "అవ్వా, అది తుపాకి కాదు, బొమ్మలు తీసే మిషిని."

"గీడ నిలబడి చూడు, నీకే తెలుస్తది" అన్నది.

తిరిగి చూసిన. నల్లగుడ్డ, మూడు కాళ్లు, మా దిక్కే చూస్తున్న గొట్టం. నాకూ తుపాకి లెక్కనే కనవడ్డది. బొంబాయిల ఎప్పుడూ కెమెరా ఎనుకనే నిలబడ్డ. ముందటికెళ్లి చూసుడు గదే మొదలు.

గుడ్డ తీసి అందరికీ కెమెరా చూపెట్టినం. భయం పోయి నవ్విన్రు. మాకు గావలసిన నటి మంచె మీదనే ఉన్నదని నాకు సమజైంది.

"ఇందాకటి లెక్కనే మళ్లొక్కసారి ఇసురు అవ్వా" అన్న.

అవ్వ వడిసెలల రాయి పెట్టుకుంట అడిగింది: "ఇందాక ఉత్తగ బెదిరిచ్చిన బిడ్డా. ఈసారి ఏడ తగలాల్నో చెప్పు."