మే అక్క కాచిన కషాయం

అమెరికాలో, చికాగో దగ్గరి నేపర్‌విల్‌లోని ఒక డ్రై క్లీనింగ్ షాపు వెనకగదిలో గిరిజ బట్టలు సరిచేసేది. పక్క కుట్టుమిషన్ మే అనే చైనా ఆవిడది. ఇద్దరికీ వచ్చిన ఇంగ్లీషు అంతంతమాత్రమే అయినా కబుర్లకు లోటుండేది కాదు. తనకంటే పెద్దదని గిరిజ ఆమెను ‘మే అక్కా’ అని పిలిచేది.

2009 చలికాలంలో గిరిజకు బీపీ బయటపడింది. డాక్టరిచ్చిన మాత్రతో బీపీ తగ్గింది కానీ పొడిదగ్గు పట్టుకుంది. సూదిలో దారం ఎక్కించనివ్వని దగ్గు. చూడలేక మే చికాగో చైనాటౌన్‌కి వెళ్లి, మూలికల కొట్లో ఎండు చామంతులూ ఏవో వేళ్లూ కట్టించుకొచ్చింది. రోజూ మరగబెట్టి ఫ్లాస్కులో తెచ్చేది.

“తాగు. దగ్గు పోతుంది, బీపీ కూడా దిగుతుంది.”

తియ్యగా, అతిమధురం వాసనతో ఉండేది. భర్త పోయాక తనకోసం ఒకరు పొయ్యి దగ్గర నిలబడటం గిరిజ ఎరగదు. ఆ మురిపెంలో ఎవరికీ చెప్పకుండా మాత్రలు మానేసింది. దగ్గు పోయింది. ఇద్దరూ కషాయం మహిమే అనుకున్నారు.

కొన్ని వారాలకు ఇస్త్రీ బల్ల దగ్గర గిరిజకు కళ్లు తిరిగాయి. మే ఆమెను పొదివి పట్టుకుని గిరిజ కూతురు దేదీప్యకు ఫోన్ చేసింది. ముగ్గురూ డాక్టరు దగ్గరికి వెళ్లారు. బీపీ బాగా పెరిగింది. దగ్గు ఆ మాత్ర వల్లే వచ్చిందనీ, వేరేది రాస్తాననీ చెప్పాడాయన. కషాయంలోని అతిమధురం వేరు బీపీని పెంచుతుందనీ అన్నాడు.

“టాబ్లెట్స్ స్టాప్ చేశావా అమ్మా? నాకెందుకు చెప్పలేదు?” దేదీప్య నిలదీసింది.

మే ముఖం పాలిపోయింది. మర్నాటి నుంచి తల వంచుకుని కుట్టుకుపోయేది. ఆదివారం గిరిజే వాళ్లింటికి వెళ్లింది.

“మాత్రలు మానింది నేను. నీకు చెప్పనిదీ నేనే. నీ తప్పేముంది అక్కా?”

“నేను అడగాల్సింది. నిన్ను చంపేసేదాన్ని,” అని మే ఏడ్చేసింది.

గిరిజ ఆమె చేతులు పట్టుకుంది. “డాక్టర్‌ని అడిగాను. ఉత్త చామంతి పూలైతే తాగొచ్చన్నారు. కాస్త కాచి పెట్టవూ?”

మే కళ్లు తుడుచుకుని, వేళ్లన్నీ ఏరి పారేసి, పూలు మరగబెట్టింది. కప్పు మాత్రం వెంటనే ఇవ్వలేదు. “ముందు మాత్ర,” అంది.

గిరిజ ఆమె ఎదుటే కొత్త మాత్ర మింగి, కప్పందుకుంది. కషాయం వగరుగా ఉంది. అయినా అడుగుదాకా తాగింది.

మే రిటైరయ్యేదాకా షాపులో అదే వరస: ముందు మాత్ర, తరువాత చామంతి నీళ్లు, ఆపైన తెగని కబుర్లు.